చివరిదాకా చదవని జవాబు

భోజనాల గంట కొట్టగానే పిల్లలంతా మైదానంలోకి పరిగెత్తారు. కంప్యూటర్ గదిలో గువ్వ ఒక్కతే మిగిలింది. తెర మీద ఒక చిన్న పెట్టె తెరుచుకుని ఆమె కోసం ఎదురుచూస్తోంది.

"ఈ ప్రశ్నను తొలగిస్తే దాని కింద ఉన్న జవాబు కూడా పోతుంది. తొలగించాలా?"

గువ్వ తలుపు వైపు చూసింది. ఎవరూ లేరు. అయినా ఇంకోసారి చూసింది.

ఆ పిల్ల అసలు పేరు హాజరు పట్టీలో మాత్రమే ఉండేది. సన్నగా, నెమ్మదిగా మాట్లాడుతుందని ఇంట్లోనూ బడిలోనూ అందరూ గువ్వ అనే పిలిచేవారు. పిల్లల కోడింగ్ ఫోరంలో కూడా ఆమె అదే పేరు పెట్టుకుంది. ప్రోగ్రాములు రాసేటప్పుడు ఎక్కడైనా చిక్కుపడితే ఆ ఫోరంలో అడగవచ్చు. తెలిసినవాళ్లు ఎవరో ఒకరు చెబుతారు.

గువ్వ అడిగింది తలుపు గంట గురించి. ఆ గంట ఆమె తయారుచేసింది నాయనమ్మ కోసం.

తాతయ్య పోయినప్పటి నుంచి నాయనమ్మకు మతిమరుపు ఎక్కువైంది. సాయంత్రం అయ్యేసరికి తలుపు తీసుకుని వీధిలోకి వెళ్లిపోయేది. "మీ తాతయ్య వచ్చే వేళైంది. ఎదురెళ్లొస్తా," అనేది. తాతయ్య ఇక రాడని మొదట్లో చెప్పేవారు. చెప్పిన ప్రతిసారీ ఆమె అప్పుడే విన్నట్టు ఏడ్చేది. అందుకని చెప్పడం మానేశారు. అమ్మో, గువ్వో ఒకరు తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవారు.

గువ్వ ఒక చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు తెచ్చి, తలుపుకు అయస్కాంతం బిగించి, తలుపు తెరిస్తే గంట మోగేలా ప్రోగ్రాం రాసింది. మోగడమైతే మోగింది గానీ, ఒకసారి తెరిస్తే ఆపకుండా గణగణలాడుతూనే ఉండేది. "ఇంటికి ఫైరింజన్ వచ్చినట్టుందే," అన్నాడు నాన్న.

అప్పుడే ఆమె ఫోరంలో అడిగింది. 'తుప్పు మేకు' అని పేరు పెట్టుకున్న ఎవరో పెద్ద జవాబు రాశారు. పైన సరిచేసిన ప్రోగ్రాం ఉంది. కింద ఏదో చాలా రాసి ఉంది. గువ్వ పైది కాపీ చేసుకుంది. గంట ఒక్కసారే మోగింది. ఆ సంతోషంలో కిందిది చదవలేదు, థాంక్స్ కూడా చెప్పలేదు.

ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. కుర్చీ తలుపు దగ్గర్నుంచి వెనక గదిలోకి వెళ్లింది. అమ్మ మళ్లీ కుట్టుమిషన్ ముందు కూర్చోగలిగింది. బడిలో కంప్యూటర్ టీచర్ కూడా ముచ్చటపడింది. "శనివారం తల్లిదండ్రుల ముందు చూపిద్దాం. మొత్తం నువ్వే రాశావా?" అని అడిగింది.

గువ్వ తల ఊపింది. ఆలోచించేలోపే తల ఊగిపోయింది.

అక్కడితో పోయేదేమో. కానీ ఈ ఉదయం పక్క బెంచీవాడు ఒక మాటన్నాడు. ప్రతిదానికీ ప్రశ్నలు వేస్తాడని వాడిని అందరూ లాయరు అంటారు.

"నా ట్రాఫిక్ లైటు పచ్చ దగ్గరే ఇరుక్కుపోయింది. మీ ఫోరంలో ఒక్కొక్కటే వెతుకుతా. నీ తలుపు గంట ముచ్చట కూడా దొరుకుతుందేమో."

వాడు నవ్వుతూనే అన్నాడు. గువ్వ మాత్రం భోజనాల గంట ఎప్పుడు కొడతారా అని గడియారం చూస్తూ కూర్చుంది.

ఇప్పుడు ఆమె కళ్లు మూసుకుని మౌస్ నొక్కింది. ప్రశ్న పోయింది. జవాబు పోయింది. హమ్మయ్య అనుకుంది గానీ, ఆ హాయి మెట్లు దిగేదాకా కూడా నిలవలేదు.

*

సాయంత్రం గువ్వ లెక్కలు చేసుకుంటోంది. వెనక గదిలో అమ్మ మిషన్ చప్పుడు. నాయనమ్మ ముందు గదిలో తెల్లచీర కొంగు మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెడుతోంది.

గంట మోగింది.

"నేనేలే," అన్నాడు నాన్న. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, ముఖం కడుక్కోవడానికి లోపలికి వెళ్లాడు.

కాసేపటికి అమ్మ పిలిచింది. "అత్తయ్యా, పాలు తాగుతారా?"

జవాబు లేదు.

"అత్తయ్యా?"

గువ్వ తలెత్తి చూసింది. ముందు గదిలో ఎవరూ లేరు. తలుపు దగ్గరగా వేసి ఉంది. గుమ్మంలో నాయనమ్మ చెప్పులు ఉన్నాయి. నాన్న చెప్పులు లేవు.

"గంట మోగలేదే," అంది గువ్వ.

నాన్న ఉత్తకాళ్లతో మార్కెట్ వైపు పరిగెత్తాడు. అమ్మ రెండో వీధిలోకి వెళ్లింది. గువ్వ వీధి చివరికి పరిగెత్తింది. చీకటి పడుతోంది. బళ్ల లైట్లు కళ్లలో కొడుతున్నాయి. ఎక్కడ తెల్లచీర కనిపించినా ప్రాణం లేచొచ్చేది. దగ్గరికి వెళితే ఇంకెవరో.

మందుల షాపు అతను కౌంటర్ మీంచి వంగి చెప్పాడు. "మీ నాయనమ్మేనా? పెద్ద చెప్పులు ఈడ్చుకుంటూ బస్టాపు వైపు వెళ్లింది. ఎవరైనా వెంట ఉన్నారనుకున్నానమ్మా."

నాయనమ్మ బస్టాపులో లేదు. బస్టాపు దాటి, ఒక కాలు రోడ్డు మీద పెట్టి నిలబడి ఉంది. బస్సు వస్తోంది. హారన్ మోగిస్తోంది. నాయనమ్మ ఆ వెలుగులోకి చూస్తూ ఇంకో కాలు కూడా దింపబోయింది.

గువ్వ వెనక నుంచి రెండు చేతులతో చుట్టేసి పట్టుకుంది. బస్సు దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది.

"ఈ బస్సులో కూడా రాలేదే తల్లీ," అంది నాయనమ్మ.

గువ్వ ఆమెను రోడ్డు మీంచి వెనక్కి లాగింది. పట్టు వదలకుండానే అంది. "ఇంటికెళ్దాం రా నాయనమ్మా."

*

ఇంటికి వచ్చాక నాన్న తలుపు తెరిచి చూశాడు. గంట శుభ్రంగా మోగింది.

"ఇప్పుడు మోగుతోందిగా. మరి ఇందాక?" అన్నాడు. కోపంగా అనలేదు. ఎవరి వైపూ చూడకుండా వెనక గదిలోకి వెళ్లి కుర్చీ తెచ్చి తలుపు దగ్గర వేశాడు. "రేపట్నుంచి మళ్లీ కాపలా ఉందాం. ఎందుకైనా మంచిది."

తిట్టినా బాగుండేదనిపించింది గువ్వకు.

ఆమె ప్రోగ్రాం తెరిచింది. వరసల నిండా అంకెలు. ఏ అంకె ఏం చేస్తుందో తెలియదు. ఒకటి మార్చబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇంకా పాడైతే? అప్పుడు గుర్తొచ్చింది. జవాబులో ప్రోగ్రాం కింద ఏదో రాసి ఉంది. మొదటి మాట లావు అక్షరాల్లో ఉంది. ఆ మాటేమిటో ఎంత గింజుకున్నా గుర్తురాలేదు.

ఫోరంలో ఆ చోట ఒకే ఒక్క వాక్యం ఉంది. "రాసినవారే ఈ ప్రశ్నను తొలగించారు."

అమ్మ ఒడిలో తల పెట్టి గువ్వ అంతా చెప్పేసింది.

"ఎవరాయన?" అంది అమ్మ.

"తెలీదు. ఆయనో ఆవిడో కూడా తెలీదు. తుప్పు మేకు."

"నువ్వెవరివో ఆ మనిషికి తెలుసా?"

"తెలీదు."

"తెలీకుండానే అంత రాశారా?"

గువ్వ అమ్మ కొంగులో ముఖం దాచుకుంది.

"మళ్లీ అడుగు," అంది అమ్మ.

"ఏ ముఖంతో అడగను? నన్ను ఫోరంలోంచి తీసేస్తారేమో. టీచర్‌కి చెప్పేస్తారేమో. భయంగా ఉందమ్మా."

"ఉంటుంది. నేను పక్కనే కూర్చుంటా. రాయి."

ఫోరంలో చేరిన రోజు గువ్వ నియమాల పేజీ చదవకుండానే 'ఒప్పుకుంటున్నాను' అని నొక్కింది. ఇప్పుడు చదివింది. "జవాబు వచ్చాక ప్రశ్నను తొలగించవద్దు. ఇదే చిక్కుతో రేపు ఇంకొకరు వస్తారు. మీకోసం రాసినవారి శ్రమ వాళ్లకూ పనికొస్తుంది." ఆ కిందే ఇంకో వాక్యం ఉంది. నియమాలు మీరితే సభ్యత్వం పోవచ్చని. అది చదివాక గువ్వ అమ్మకు ఇంకాస్త దగ్గరగా జరిగింది.

మోడరేటర్లకు ఉత్తరం మొదలుపెట్టింది. ఫోరంలో అందరూ మర్యాదగా ఉండేలా చూసేది వాళ్లే. "అర్జెంట్. నా ప్రశ్న పొరపాటున డిలీట్ అయిపోయింది. వెంటనే సాయం చేయండి."

అమ్మ చదివింది. "దానంతటదే అయిపోయిందా?"

గువ్వ అదంతా చెరిపేసింది. మళ్లీ రాసింది.

"నా ప్రశ్నను నేనే తొలగించాను. జవాబు ఇంకొకరు రాశారని మా క్లాసులో తెలుస్తుందని భయపడ్డాను. తుప్పు మేకు గారు రాసింది సగమే చదివాను. ఈరోజు మా నాయనమ్మ బయటికి వెళ్తే గంట మోగలేదు. ఎందుకో నాకు తెలియడం లేదు. ఆ జవాబును మళ్లీ చూపించగలరా? చూపించలేకపోయినా, నేను చేసింది తప్పని తుప్పు మేకు గారికి చెప్పండి."

*

మర్నాడు బడిలో ఆమెకు ఏ పాఠమూ ఎక్కలేదు. టీచర్ ఎవరిని పిలిచినా తననేమో అని ఉలిక్కిపడింది. లాయరు రెండుసార్లు ఆమె వైపు చూశాడు. ఆ తర్వాత పెన్సిల్ అడిగాడు, అంతే.

సాయంత్రం ఇంటికి పరిగెత్తుకుంటూ వచ్చింది. కుర్చీలో అమ్మ కూర్చుని ఉంది. చేతిలో కుట్టాల్సిన జాకెట్టు ఉంది గానీ కళ్లు తలుపు మీదే ఉన్నాయి.

ఫోరంలో ఉత్తరం వచ్చి ఉంది. తెరవడానికి గువ్వకు చాలాసేపు పట్టింది.

"గువ్వా, మీ ప్రశ్నను తిరిగి పెట్టాను. మీరు చేసింది మా నియమాలకు విరుద్ధం. దీన్ని మందలింపుగా తీసుకోండి. ఇంకోసారి జరగకూడదు. తుప్పు మేకు గారికి మీ మాట చెప్పాను. ఆ జవాబు రాసేముందు తన ఇంటి తలుపుకే తీగలు కట్టి పరీక్షించి చూశారట. మీ మీద ఒక్క మాట కూడా అనలేదు. నాయనమ్మగారు ఇల్లు చేరారా అని మాత్రం అడిగారు. మోడరేటర్."

గువ్వ ఆ చివరి వాక్యాన్ని మళ్లీ చదివింది. ముందు దానికే జవాబు రాసింది. "చేరింది. బాగుంది." ఆ తర్వాతే తన ప్రశ్న తెరిచింది.

ప్రోగ్రాం కింద లావు అక్షరాల్లో ఉన్న మాట 'జాగ్రత్త'.

"జాగ్రత్త. గంట ఒకసారి మోగాక నిమిషంపాటు తలుపు వైపు చూడకుండా పెట్టాను. గణగణ ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టడానికి మాత్రమే ఇది. నిజంగా వాడేముందు ఆ అరవై తీసేసి అర సెకను పెట్టు. లేకపోతే ఒకరు లోపలికి రాగానే ఇంకొకరు బయటికి వెళ్తే గంట మోగదు."

గువ్వకు నిన్నటి గుమ్మం కళ్ల ముందు కనిపించింది. నాన్న చెప్పులు విడిచాడు. ఆ వెంటనే నాయనమ్మ అవే తొడుక్కుని వెళ్లింది. అప్పుడు గంట కళ్లు మూసుకుని ఉంది.

ఆ అంకె ఎక్కడుందో వెతికింది. ఈసారి ప్రతి వరసా చదివి, అర్థం కానిది పక్కన రాసుకుంటూ వెళ్లింది. అంకె మార్చింది. నాన్న రాగానే, "నాన్నా, ఇంకోసారి బయటికెళ్లి లోపలికి రావా?" అంది. నాన్న వచ్చాడు. గంట మోగింది. ఆయన తలుపు వేయగానే గువ్వ మళ్లీ తెరిచి బయటికి దూకింది. గంట మళ్లీ మోగింది. నాన్నకు విసుగొచ్చేదాకా ఇద్దరూ లోపలికీ బయటికీ తిరిగారు.

"కుర్చీ ఇంకో వారం ఇక్కడే ఉండనీ నాన్నా," అంది గువ్వ. "నాకింకా భయంగానే ఉంది."

నాన్న ఆమె తల నిమిరాడు. కుర్చీ అక్కడే ఉంచాడు.

*

మర్నాడు బడి మొదలుకాకముందే గువ్వ కంప్యూటర్ టీచర్ ముందు నిలబడింది.

"టీచర్, గంట మొత్తం నేను రాయలేదు. సగం తుప్పు మేకు గారు రాశారు."

"ఎవరు?"

"తుప్పు మేకు గారు."

టీచర్ నవ్వబోయి, పిల్ల ముఖం చూసి ఆపుకుంది. "శనివారం ఆ మాట అందరి ముందూ చెప్పగలవా?"

గువ్వ ఈసారి వెంటనే తల ఊపలేదు. "చెప్తాను," అంది.

భోజనాల వేళ మళ్లీ కంప్యూటర్ గదిలోకి వెళ్లింది. తన ప్రశ్న తెరిచి, దాని కింద రాయడం మొదలుపెట్టింది. లాయరు ఎప్పుడొచ్చాడో, ఆమె భుజం మీంచి తొంగిచూస్తూ పైకి చదివాడు.

"'ఈ జవాబు పనిచేసింది. దీన్ని రాసింది తుప్పు మేకు గారు. వారికి కృతజ్ఞతలు. నేను సగమే చదివి, తర్వాత దీన్ని తొలగించాను. అందువల్ల మా నాయనమ్మ రోడ్డు దాకా వెళ్లింది. మీరు మాత్రం జాగ్రత్త అన్న మాట దగ్గర ఆగి, చివరిదాకా చదవండి. గువ్వ.'"

లాయరు దాన్ని ఈసారి మనసులోనే ఇంకోసారి చదువుకున్నాడు. అది వాడికి అలవాటు లేని పని.

"ఒసే, ఇది అందరికీ కనిపిస్తుందిగా?" అన్నాడు మెల్లగా. "మన క్లాసువాళ్లక్కూడా."

"కనిపించాలనే," అంది గువ్వ.

ఆమె మొన్నటిలా తలుపు వైపు చూడలేదు. కళ్లు కూడా మూసుకోకుండా మౌస్ నొక్కింది.