సోలెన్ ఏటి సీసాలు

ద్రాక్షరైతులు చేసుకునే పునీత విన్సెంట్ పండుగనాడు పొద్దున్నే ఫెర్నాన్‌కి నడుం నొప్పి వచ్చింది. కాఫీ తాగేసరికి అది మోకాళ్లకి దిగింది. తొమ్మిది కొట్టేసరికి తల తిరుగుతోందన్నాడు. నిన్న సాయంత్రం దాకా మంచులో నిలబడి ద్రాక్షతీగలు కత్తిరించిన మనిషి ఇవాళ వంటింటి కుర్చీలోంచి లేవలేనంటే ఎవరు నమ్ముతారు?

ఆయన చెల్లెలు ఒదేత్ అయితే అసలు నమ్మలేదు.

"చాల్లే అన్నయ్యా నీ వేషాలు! నీ కూతురు తన ఏటి సీసా తెరవబోతోంది. ఊరంతా ఎదురుచూస్తోంది. నువ్వేమో చంటిపిల్లాడిలా మూలుగుతావేంటి?"

"ఈ ఏడు వద్దంటున్నా. ఇంకో రెండేళ్లు పడుకోనీ."

"ముప్ఫై నాలుగేళ్లు పడుకుంది. ఇంకా ఎన్నాళ్లు జోల పాడతావు? నెల్రోజుల్నించీ ఇదే పాట!"

మా షాంపేన్ సీమ పల్లెల్లో ఒక్కో ఊరిది ఒక్కో పద్ధతి. మా ఊళ్లో బిడ్డ పుట్టిన ఏడు పండిన ద్రాక్ష నుంచి అరవై సీసాలు ఆ బిడ్డ పేరున పక్కన పెడతారు. సుద్దరాతిలో తొలిచిన నేలమాళిగలో, అడుగున మడ్డి అలాగే ఉంచి, పలకమీద పేరు రాసి పడుకోబెడతారు. ఆ బిడ్డ పెద్దదై తోట పగ్గాలు చేతికి తీసుకున్న ఏడు, విన్సెంట్ పండుగకి మొదటి సీసా తన చేత్తోనే తెరిచి ఊరి పెద్దలకి పోస్తుంది. అంతవరకు కన్నతల్లి కూడా వాటిని ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఊళ్లో తలెత్తుకోలేరు.

ఫెర్నాన్ కూతురు సోలెన్‌కి ఆ సీసాలంటే ఊరి మెప్పు ఒక్కటే కాదు. అవి వాళ్లమ్మ కొలెత్ చేసినవి. మూడు నెలల పిల్లని వీపున కట్టుకుని ఆ ఏటి ద్రాక్ష పిండింది కొలెత్. ఇంట్లో రుచి చూసే నాలుక ఆవిడదే. ఏ పీపాలోది ఏ పీపాలో కలపాలో ఆవిడ చెబితేనే జరిగేది. అలాంటి తల్లిని కాదని సోలెన్ పట్నంలో పెద్ద కంపెనీలో ఉద్యోగానికి వెళ్లింది. "పరాయివాళ్ల ద్రాక్ష పిండటానికి నిన్ను కన్నానా?" అంది కొలెత్. ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాటలు వానలూ మంచులూ దాటి వెళ్లలేదు. తల్లి జబ్బుపడ్డాక సోలెన్ ప్రతి ఆదివారం వచ్చేది. అప్పుడూ అంతే. మూడేళ్ల కిందట కొలెత్ పోయింది. ఇప్పుడు సోలెన్ ఉద్యోగం మాని వచ్చి తోట పగ్గాలు పట్టింది. అమ్మ నుంచి సోలెన్‌కి మిగిలింది ఆ అరవై సీసాలే.

మాళిగ మెట్లెక్కి వచ్చింది సోలెన్. సీసాని చంటిబిడ్డలా పట్టుకుంది. నెల రోజులు రోజూ కాస్త కాస్త తిప్పుతూ తలకిందులుగా నిలబెట్టడంతో మడ్డంతా మెడలోకి చేరింది. పెరటి గుమ్మంలో నిలబడి ఒక్క ఊపున మూత ఎగరగొట్టింది. బుస్సుమంటూ మడ్డి బయటికి పోయింది. ఆ చప్పుడుకే ఆమె కళ్లు చెమర్చాయి.

"పెద్దలకి పోసేముందు మనం చూద్దాం. నాన్నా, ముందు మీరు."

"నాకొద్దు. కడుపులో బాలేదు."

"ఇందాక నడుమన్నావు, ఇప్పుడు కడుపా!" అని నవ్వింది ఒదేత్.

సోలెన్ మూడు గ్లాసుల్లో పోసింది. పోస్తూ పోస్తూ ఆగిపోయింది. రంగు లేత గడ్డిలా ఉంది. ముప్ఫై నాలుగేళ్ల వైన్ పాత బంగారంలా ఉండాలి. బుడగలు నెమ్మదిగా దారంలా పైకి రావాలి. ఇవి మరిగే పాలలా పొంగుతున్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంది. తేనె లేదు, వేయించిన అక్రోటు లేదు, కాల్చిన రొట్టె లేదు. నిమ్మతొక్క, పచ్చి ఆపిల్. ఒక గుక్క తాగింది.

"అత్తా, నువ్వు చూడు."

ఒదేత్ తాగి నోరు చప్పరించింది. మళ్లీ తాగింది. ఆమె ముఖంలో నవ్వు పోయింది. "ఓరి దేవుడా! ఇది పసిదే తల్లీ. పన్నెండేళ్లు కూడా ఉన్నట్టు లేవు. మన పైతోటది కాదూ?"

సోలెన్ దీపం పట్టుకుని మళ్లీ కిందికి పరుగెత్తింది. ఒక్కో సీసా తీసి చూసింది. పలకమీద తన పేరు అమ్మ చేతిరాతలోనే ఉంది. దానికింద ఉన్న సీసాలన్నీ కొత్త మూతలవే. ఒక్కదానిమీద కూడా తుప్పు మరక లేదు. మెట్లెక్కి తండ్రి ఎదుటికి వచ్చింది.

"ఎవరు తీశారు నాన్నా?"

ఫెర్నాన్ బల్లవైపే చూస్తున్నాడు.

"మిమ్మల్నే! మాళిగ తాళం మీ దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదు. అమ్మ నాకు వదిలివెళ్లింది అదొక్కటే. ఎవరికిచ్చారు? ఎవరితో తాగారు?"

"నేనే తీశాను. వాటి బదులు పైతోటవి పెట్టాను."

"అన్నయ్యా!" ఒదేత్ చేతిలో తువ్వాలు కిందపడింది. "బిడ్డ సీసాలు తీశావా? నీకేం పొయ్యేకాలం వచ్చింది?"

"నేను పోయాక తెరుస్తావనుకున్నాను తల్లీ," అన్నాడు ఫెర్నాన్, కూతురు ముఖం చూడకుండా. "అప్పుడు నన్ను తిట్టుకున్నా నాకు వినబడదు కదా అని."

"ఎందుకు తీశారు? అది చెప్పండి ముందు!"

"మీ అమ్మకి."

ఫెర్నాన్ తన గ్లాసు పక్కకి జరిపాడు.

"ఆ మందులు మొదలెట్టాక దానికి నోట్లో ఏది పెట్టినా ఇనుము ముక్కలా ఉండేది. సూప్ ఉమ్మేసేది. రొట్టె ఉమ్మేసేది. జీవితమంతా నాలుకతో బతికిన మనిషి! 'ఫెర్నాన్, నేను ముందే చచ్చిపోయానా?' అనడిగింది ఒకరోజు. నేను మాళిగలోకి వెళ్లి ఒక్కో ఏటిదీ తెచ్చాను. ఏదీ తెలియలేదు. చివరికి నీది తెచ్చాను. ఒక్క చుక్క నాలుకమీద వేస్తే కళ్లు తెరిచింది. 'అక్రోటు' అంది. వెక్కి వెక్కి ఏడ్చింది."

ఫెర్నాన్ సీసా మెడ నిమిరాడు.

"మూత తీశాక మర్నాటికి వైన్‌కి ప్రాణం ఉండదు కదా. అందుకే రోజుకొకటి. ఆవిడ తాగేది రెండు గుక్కలు."

"అందుకా ఆ చలికాలమంతా నీ ముక్కు అంత ఎర్రగా ఉండేది!" అంది ఒదేత్, ఏడుపులోనే.

"మరి పారబోయమంటావా? కొలెత్ చేసిన వైన్!"

సోలెన్‌కి కోపం తగ్గలేదు. ఇంకా పెరిగింది. "నన్ను అడగొచ్చుగా! నేను కాదంటానా? అంత రాక్షసినా నేను?"

"మీ ఇద్దరికీ మాటల్లేవాయె. అడిగాక నువ్వొకవేళ వద్దంటే, ఏ మొహం పెట్టుకుని ఆ గదిలోకి వెళ్లను? భయపడ్డాను తల్లీ. అంతే."

"అమ్మ తాగిందా? మన పద్ధతి తెలిసి కూడా?"

ఫెర్నాన్ అప్పుడు తలెత్తాడు. "తాగనంది. 'ఇది పాపది, తీసుకుపో' అని గ్లాసు తోసేసింది. అప్పుడు... అబద్ధం చెప్పాను. 'పాపే ఇమ్మంది, మొదటిది నువ్వే తాగాలంది' అన్నాను. రోజూ అడిగేది, 'ఇవాళ కూడా పాపే ఇమ్మందా?' అని. రోజూ అవుననేవాణ్ణి."

సోలెన్ అక్కడే, రాతిగచ్చుమీద కూలబడింది. ఆ ఆదివారాలు గుర్తొచ్చాయి. అమ్మ ఏమీ మాట్లాడకుండా తన అరచేతిని తిప్పి, వేళ్లు ఒక్కొక్కటే ముద్దుపెట్టుకునేది. మందుల మత్తు అనుకుంది తను. ఎందుకో ఒక్కసారైనా అడగలేదు. అమ్మ తనని క్షమించకుండానే పోయిందని మూడేళ్లు కుమిలిపోయింది.

బయట చర్చి దగ్గర బాజాలు మొదలయ్యాయి.

"ఎలా ఉందనేది నాన్నా?" అడిగింది సోలెన్. "రుచి. నాకిక దొరకదు. మీరు చెప్పండి."

ఫెర్నాన్ నడుం నొప్పి మాట మరిచి కూతురి పక్కన నేలమీద కూర్చున్నాడు. "మొదట్లో అక్రోటనేది. ఒకరోజు వాన వెలిశాక అడవిలో పుట్టగొడుగులంది. ఒకరోజు తేనెమైనం. ఇంకోరోజు, మీ అమ్మమ్మ పొయ్యిమీద మాడబెట్టిన రొట్టె అని నవ్వింది. కడపటిది తాగలేకపోయింది. వాసన చూసింది అంతే. చాలాసేపు చూసింది. తర్వాత, 'ఇంక దీన్ని దాచక్కర్లేదు ఫెర్నాన్. నిండుగా పండింది. దాటిపోకముందే తెరిచింది నా కూతురు, నాకంటే మంచి నాలుక దానిది' అంది."

"నేను తెరవలేదుగా నాన్నా!" సోలెన్ బావురుమంది. "నేనేం ఇవ్వలేదు. అమ్మకి నేనేమీ ఇవ్వలేదు!"

"ఇప్పుడు ఇవ్వు తల్లీ. నా అబద్ధాన్ని నిజం చెయ్యి. ఇచ్చానని ఒక్కమాట అను."

ఒదేత్ కోటు అంచుతో కళ్లు తుడుచుకుంటోంది. వీధి గుమ్మం ముందు ఊరేగింపు ఆగింది. ఊరి పెద్ద తలుపు తట్టి, "ఏం పిల్లా, నీ ఏటి సీసా ఏదీ?" అని గట్టిగా కేకేశాడు.

సోలెన్ లేచింది. ముఖం కడుక్కోకుండానే తండ్రి చెయ్యి పట్టుకుని లేపి, గుమ్మందాకా నడిపించుకు వెళ్లి తలుపు తీసింది. ఊరంతా చూస్తోంది.

"నా ఏటివి అరవై సీసాలూ మా అమ్మ తాగింది," అంది. "నేనే ఇచ్చాను."