గేటు దగ్గర అన్న మాట

ఆయా పిల్లను కొట్టి ఉంటుందేమోనన్నది ఆ తల్లి భయాల్లో రెండోది. మొదటిది, ఆ చెయ్యి లేవడానికి అనుమతి ఇచ్చింది తానేనన్నది.

పొద్దున పిల్లకు జడ వేస్తుండగా పక్కింటావిడ వచ్చి కబురు చెప్పింది. పిల్లకు నాలుగేళ్లు. క్షణం కుదురుగా కూర్చోదు కాబట్టి ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. కిందటేడు పిచ్చుక వెళ్లిన డేకేర్‌లో పనిచేసిన ఆయా అక్కడ మానేసి వేరే చోట చేరింది. ఆ కొత్తచోట రెండేళ్ల పాప చెయ్యి విరిగిందట. ఆయాయే మెలిపెట్టిందని పాప తల్లి ఫిర్యాదు చేసింది. ఆయా కాదంటోంది. ఇదివరకు ఆమె చూసుకున్న పిల్లల తల్లిదండ్రులకు ఏమైనా తెలిస్తే వచ్చి చెప్పమని శిశు సంక్షేమ కార్యాలయం వాళ్లు అడుగుతున్నారు.

పక్కింటావిడ వెళ్లిపోయింది. జడ సగంలోనే ఉంది. ఆమె పిల్లను తన వైపు తిప్పుకుని, ఆయా నిన్ను కొట్టేదా అని అడిగింది. ఆ, అంది పిచ్చుక. గిల్లేదా అంటే దానికీ ఆ అంది. గదిలో పెట్టి తలుపు వేసేదా అంటే తల గట్టిగా ఊపింది. ఒళ్లోకి లాక్కుంటే పిల్ల హాయిగా ఒదిగి కూర్చుంది.

భర్త లిఫ్టు మెకానిక్. సంచీలో పానాలు సర్దుకుంటూ అంతా విన్నాడు.

"ఏం పిచ్చుకా, ఆయా నిన్ను ఏనుగెక్కించి తిప్పిందా?"

"ఆ, తిప్పింది."

"ఏ రంగు ఏనుగు?"

"ఎర్రది. చెప్పులు కూడా వేసుకుంది."

అత్తగారికి నవ్వాగలేదు. భర్త మాత్రం నవ్వలేదు. చంటిపిల్ల మాట పట్టుకుని ఒక మనిషి మీద నింద వెయ్యలేమని, దాన్ని ఇక ఏమీ అడగొద్దని అన్నాడు. అది ఆమెకూ అర్థమైంది. ఒళ్లో కూర్చోబెట్టుకున్నంతసేపూ పిల్ల అన్నిటికీ ఆ అంటుంది. ఇక తనకు కచ్చితంగా తెలిసిన సంగతి ఒక్కటే మిగిలింది.

చొక్కాలు కుట్టే యూనిట్‌లో ఆమె గుండీల మిషన్ మీద పనిచేస్తుంది. ఎనిమిది దాటితే లోపలికి రానివ్వరు. అప్పట్లో డేకేర్ గేటు దగ్గర పిచ్చుక కొంగు వదిలేది కాదు. ఒకరోజు విసిగిపోయి ఆయాతో అనేసింది: "మాట వినకపోతే రెండు తగిలించు, నేనేమీ అనుకోను." ఆయా నవ్వి, "అందరూ అదే చెప్తారమ్మా," అని పిల్లను చంకనేసుకుని లోపలికి పోయింది.

"నేను వెళ్లి ఆ మాట చెప్పొస్తానండీ," అంది ఆమె భర్తతో.

అతను సంచీ కింద పెట్టాడు. "పిల్లను కొట్టమన్నానని నీ నోటితో నువ్వే చెప్తావా? రేపు నిన్నే నిలబెట్టి అడుగుతారు."

"అడగనివ్వండి."

"ఆయాకి సాకు దొరుకుతుంది. తల్లులే చెప్పారంటుంది."

"చెప్పాం కదా."

మాట మాట పెరిగింది. పరువు గురించి అతను, విరిగిన చెయ్యి గురించి ఆమె. మధ్యలో సర్దిచెబుదామని అత్తగారు అందుకుంది. "ఎవరనరమ్మా ఆ మాట? వీడి చిన్నప్పుడు మాస్టారితో నేననలేదూ, మా వాడి తోలు తియ్యండని."

"తీశాడు," అన్నాడు భర్త.

అత్తగారు కొడుకు వైపు తిరిగింది.

"నాకెప్పుడూ చెప్పలేదేరా?" అంది.

"నీకెలా చెప్పనమ్మా? తియ్యమన్నది నువ్వే కదా."

అత్తగారు కూర్చున్నచోటి నుంచే కొడుకు చెయ్యి పట్టుకుంది. అతను విడిపించుకోలేదు. పెద్దావిడ ఏడుస్తుంటే పిచ్చుక వెళ్లి ఆవిడ మొహంలోకి వంగి చూసింది. కాసేపటికి అతను పనిచోటికి ఫోన్ చేసి, ఒక పూట రాలేనని చెప్పాడు.

కార్యాలయంలో అధికారిణి వాళ్ల మాటలు రాసుకుంది. అంతకుముందు తొమ్మిది కుటుంబాల వాళ్లు వచ్చారట. బాగా చూసుకోమని తప్ప ఆయాతో తామేమీ అనలేదని అందరూ చెప్పారట.

భార్య చెప్పడం పూర్తయ్యాక భర్త ముందుకు జరిగాడు.

"ఇంకొకటి రాసుకోండి మేడమ్. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. బండి మీద కూర్చుని నవ్వాను."

ఆయా చేసిందో లేదో ఇంకా తేలలేదు. పిచ్చుకకు ఏమైనా జరిగిందో లేదో ఎప్పటికీ తెలియకపోవచ్చు.

ఇది చదువుతున్న మీలో ఎవరైనా ఈ పొద్దున పిల్లను అప్పగిస్తూ అలాంటి మాట అని ఉంటే, సాయంత్రం దాకా ఆగకండి. ముందుగా చెప్పకుండా వెళ్లి, మీ పాప ఎలా ఉందో ఒక్కసారి చూసి రండి.