రాగి తీగ తీసేశాక

మా ఇంట్లో ఇంటర్నెట్ పాత టెలిఫోన్ తీగ మీదే వచ్చేది. వచ్చేది అనడం కూడా దాన్ని మెచ్చుకోవడమే. మీటింగ్‌లో మా మేనేజర్ నోరు తెరిచి అలాగే బిగుసుకుపోయేవాడు, ఆయన తిట్లు ఆ తర్వాతెప్పుడో వినిపించేవి. ఇక లాభం లేదని ఫైబర్ పెట్టించాను.

బిగించడానికి వచ్చినాయన మేడ మీద నా గదిలో తెల్లటి పెట్టె పెట్టి, వెంట్రుకంత గాజు తీగ అందులో కలిపాడు. బయటి గోడ మీది పాత రాగి తీగని కత్తిరించి, చుట్ట చుట్టి సంచిలో వేసుకున్నాడు.

"కింద గదిలో ఫోన్ ఇక పనిచెయ్యదండీ. ఈ పెట్టె నుంచి కిందికి తీగ లాగాలి. గోడకి చిన్న కన్నం కొడితే అయిపోతుంది. లాగెయ్యమంటారా?"

"ఇప్పుడు మీటింగ్ ఉంది. మళ్లీ పిలుస్తాలెండి," అన్నాను.

మీటింగేం లేదు.

కింద గది మా పెద్దమ్మది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. ఇప్పుడు చూపు పూర్తిగా పోయింది, మోకాళ్లు మెట్లెక్కనివ్వవు. ఆవిడ ఫోన్‌కి పెద్ద బొత్తాం ఒకటుంది, నొక్కితే నా సెల్ మోగుతుంది. "బాబూ, వాన పడుతోందా?" "బాబూ, పొద్దుపోయిందా?" "ఏం లేదురా, ఊరికే చేశా." రోజంతా ఇదే వరస. నేను కస్సుమంటూ జవాబిచ్చేవాణ్ణి, ఒక్కోసారి సెల్‌ని దిండు కిందికి తోసేసేవాణ్ణి.

ఆ రోజు కిందికెళ్లి, ఆవిడ ఫోన్ ఊడి ఉంటే దాని తీగని గోడలోని పాత సాకెట్‌లోనే దూర్చాను. చచ్చిన సాకెట్ అని తెలిసే దూర్చాను.

"ఫోన్ ఎప్పట్లాగే పలుకుతుందిగా?" అంది.

"పలుకుతుంది పెద్దమ్మా. నొక్కి చూడు, నేనే ఎత్తుతాను."

ఇంత తేలిగ్గా అబద్ధం చెప్పగలనని నాకే తెలీదు. నా సెల్ మోగడం మానేసింది. ప్రాణం హాయిగా ఉంది. రేపు పిలుద్దాం, ఎల్లుండి పిలుద్దాం అనుకుంటూ ఆ తీగ సంగతే వదిలేశాను. భోజనం మా ఆవిడ పట్టుకెళ్లేది. పెద్దమ్మ ఫోన్ గురించి అడుగుతుందేమోనని నేను ఆ గది ఛాయలకే పోలేదు.

చిత్రం ఏమిటంటే, పెద్దమ్మ అడగనేలేదు. ఓసారి గుమ్మం దాటి వెళ్తుంటే నా అడుగులు గుర్తుపట్టి పిలిచింది.

"ఈమధ్య ఎంత ఓపికొచ్చిందిరా నీకు! నిన్న నా సోదంతా విన్నావు. మీ అమ్మ ఉంటే మురిసిపోయేది."

పెద్దతనం, ఏదో కలగని ఉంటుంది అనుకున్నాను. నేను కాదు అని ఒక్క మాట చెప్తే సరిపోయేది. "దాందేముంది పెద్దమ్మా," అన్నాను. నాది కాని మెప్పుని జేబులో వేసుకుని మెట్లెక్కాను. సిగ్గేసింది. అయినా వేసుకున్నాను.

నిన్న సాయంత్రం మసక పడుతుండగా కరెంటు పోయింది. తెల్ల పెట్టె మీది దీపాలు ఆరిపోయాయి, మీటింగ్ మధ్యలోనే ఆగింది. ఫ్యాన్లు, ఫ్రిజ్ అన్నీ మూగబోయాయి. మేడ మీదే, పక్క వంటింట్లో మా ఆవిడ అగ్గిపెట్టె వెతుక్కుంటోంది.

కింద పెద్దమ్మ నవ్వింది...

గోడ పట్టుకుని దిగాను. తలుపు ఓరగా ఉంది. మోకాళ్ల మందు వాసన, దానికింద ఎక్కడో తీగ కాలిన వాసన. పెద్దమ్మ రిసీవర్ చెవికి ఆనించుకుని మంచం మీద కూర్చుంది.

"చాల్లే... నవ్వించకురా."

రిసీవర్‌లోంచి సన్నగా ఎవరో బదులిచ్చారు. మధ్యలో గొంతు సవరించుకున్నారు. నేను సవరించుకున్నట్టే.

ఆ గొంతు నాదే.

వంగి, సాకెట్‌లోంచి తీగ లాగేశాను. ఊడి నా చేతిలోకి వచ్చింది.

మాట ఆగలేదు...

"ఎవరది?" అంది పెద్దమ్మ.

"నేనే పెద్దమ్మా."

ఆవిడ ముఖం పాలిపోయింది. నాకు వినపడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని రిసీవర్‌లోకి గుసగుసగా అంది.

"బాబూ... గదిలో ఎవరో ఉన్నారురా. అచ్చం నీలాగే మాట్లాడుతున్నాడు."

"పెద్దమ్మా, అది పెట్టెయ్. నీ బాబుని నేను!"

"నువ్వే అయితే," అంది నాతో, "నిన్న నాతో ఏం మాట్లాడావో చెప్పు."

నిన్న కాదు, మొన్న కాదు, గుమ్మం దగ్గర అన్న ఆ ఒక్క ముక్క తప్ప ఈ మధ్య ఆవిడతో మాట్లాడిందే లేదు. ఆవిడ సంతోషపడే ముక్క ఒక్కటైనా దొరుకుతుందేమోనని వెతుక్కున్నాను. దొరకలేదు. సిగ్గుతో చచ్చిపోయాను, ఆ భయంలోనూ.

"తొందరగా రా నాయనా," అంది రిసీవర్‌లోకి.

"వస్తున్నా పెద్దమ్మా," అంది రిసీవర్‌లోని నా గొంతు.

పైనుంచి మా ఆవిడ గొంతు వినిపించింది. "ఇప్పుడేగా పైకొచ్చారు! ఈ చీకట్లో మళ్లీ ఎక్కడికండీ?"

ఎవరో ఏదో సర్దిచెప్పారు. మా ఆవిడ నవ్వింది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు... నిదానంగా... ఒక్కో మెట్టే దిగుతూ... తలుపు దగ్గర ఆగింది.

పెద్దమ్మ ముఖం నా వెనక్కి తిరిగి విప్పారింది. పక్క మీద జరిగి చోటిచ్చింది.

"వచ్చావా..."

నా మెడ మీద ఊపిరి తగిలింది. పెద్దమ్మ చెయ్యి చాపింది, నా వైపు కాదు.

నేను పక్కకి తప్పుకుని దారి ఇచ్చాను.