రెండు నీకు, రెండు నాకు

ద్రోహం జరిగింది దేవ్‌సింగ్‌కు. 1991 ఫిబ్రవరి 11, సోమవారం, పట్టపగలు, సముద్రం అడుగున. ఆ సంగతి ములకలపల్లి అవతలి తండాలో ఉన్న అతని చెల్లెలు జమ్లికి చేరడానికి ఐదు నెలలు పట్టింది. చెప్పాల్సినవాడు ఆమె వండింది తింటూ, ఆమె పక్కన పడుకుంటూ, నోరు కుట్టుకుని కూర్చున్నాడు మరి.

వాడు హాతీరాం. జమ్లి మొగుడు.

సముద్రం మధ్యలోని దీవులకు ముందు వెళ్లింది దేవ్‌సింగే. రోడ్డు పనికని పోయి, వాగులో పెరిగిన ఈతగాడు కాబట్టి, పగడపు దిబ్బల్ని పరీక్షించే ఒక కంపెనీ కంట్లో పడ్డాడు. వాళ్లు వీపుకి గాలి సిలిండర్ కట్టి, నోట్లో గొట్టం పెట్టి, నీళ్లకింద పని నేర్పారు. సెలవుకొచ్చినప్పుడు చూస్తే బావ చింతచెట్టు కింద పేకాటలో ఉన్నాడు, చెల్లెలు కూలికి పోయింది.

"నాతోని రా బావా. నీళ్లల్ల ఊపిరెట్ల తీసుకోవాల్నో నేను నేర్పిస్త" అన్నాడు.

జమ్లికి సంతోషం పట్టలేదు. అత్తారింటికి పంపిన రోజు, తండా ఆనవాయితీగా అన్న మెడకు వేలాడి పాట పాడుతూ ఏడుస్తుంటే, చెవిలో అతను చెప్పిన మాట గుర్తొచ్చింది. 'నీ మొగున్ని నేను అరుసుకుంట, ఏడ్వకు.' అన్న మాట నిలుపుకున్నాడు పిచ్చి తండ్రి, బావను వెంటబెట్టుకుని పోయాడు.

మార్చిలో హాతీరాం ఒక్కడే తిరిగొచ్చాడు. దేవ్‌సింగ్‌ను సముద్రం లోపలి ప్రవాహం లాక్కుపోయిందన్నాడు. వెతికి వెతికి తన గాలి అయిపోయిందన్నాడు. మూడు రోజులు ఏడ్చాడు, బాగానే ఏడ్చాడు. ఆ తర్వాత తండా అంతా చుట్టూ చేరితే కథలు చెప్పడం మొదలుపెట్టాడు.

"పగడమంటే రాయనుకుంటిరా? పానమున్న తోట. మోదుగుపూల రంగు కొమ్మలు, నీలం రంగు గుబుర్లు. పసుపు చారల చేపలు మన మొఖం ముందుకొచ్చి, చుట్టపోల్ల లెక్క నిలబడి చూస్తయి."

"గంత సొగసున్న జాగల మా పోరన్ని ఎందుకిడిసొచ్చినవ్ రా?" అంది ముసలి రూప్లి, పొగచుట్ట తీయకుండానే. హాతీరాం తుండు దులుపుకుని లేచిపోయాడు.

ఇంకోనాడు వాకిట్లో కూర్చుని, తన గొప్ప చూపించుకోవడానికి పెళ్లానికి నీళ్లకింది సైగలు నేర్పాడు. అరచేతిని గొంతు మీద అడ్డంగా గీస్తే గాలి లేదని అర్థం.

"గట్ల అయిపోతే?"

"జోడిగాని గొట్టం ఇద్దరం పంచుకోవాలె. రెండు గుక్కలు నీకు, రెండు నాకు. మల్ల రెండు నీకు. గట్లనే మెల్లగ పైకి రావాలె."

"మరి మా అన్నకియ్యకపోతివి?"

"అందనంత దూరం పోయిండే..."

జమ్లి నమ్మింది. అన్న పోయాక మిగిలింది మొగుడే, అతన్నీ నమ్మకపోతే ఎక్కడ నిలబడాలి? ఒక్కటే ఆమెకు అంతుపట్టలేదు. వచ్చిన దగ్గర్నుంచీ అతను వాగులో కాలు పెట్టడు. మోకాలులోతు నీళ్లున్నా చుట్టూ తిరిగి పొలానికి పోతాడు.

జులై. మధ్యాహ్నం నుంచి ముసురు. దీపాలు పెట్టే వేళకే తండా మీద చీకటి దిగింది. కరెంటు పోయింది. వెనక అడవిలో టేకాకుల మీద వాన ఒకటే హోరు. జ్వరంగా ఉందని హాతీరాం ముందే మంచమెక్కాడు. జమ్లి బుడ్డిదీపం దగ్గర చాటలో బియ్యం ఏరుతోంది. ఆమెకు అప్పుడు మూడో నెల.

ముందు వాసన వచ్చింది. తడి మట్టిది కాదు. ఎండుచేపలు, ఉప్పు, పాత రబ్బరు... మూడూ కలిసి.

ఆ తర్వాత అతని ఊపిరి. రెండుసార్లు పెద్దగా పీల్చాడు, ఆగిపోయాడు. ఆగినంతసేపూ మూలనున్న నీళ్ల రంజన్‌లో బుడబుడ... బుడబుడ. మళ్లీ అతను రెండుసార్లు పీల్చాడు. మళ్లీ ఆగాడు. మళ్లీ రంజన్.

"నీ గురకకు రంజన్ గూడ తాళమేస్తుంది" అని నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఎండిపోయింది.

హాతీరాం కళ్లు తెరిచే ఉన్నాయి. అరచేయి గొంతు మీద అడ్డంగా గీస్తున్నాడు.

జమ్లి నీళ్లు తాపుదామని పరుగున పోయి రంజన్‌లో చెంబు ముంచింది. చేతి మీది కొడవలి గాటు భగ్గున మండింది. వేలు నాలుకకు ఆనించుకుంది. ఉప్పు. పొద్దున వాగు నుంచి తనే మోసుకొచ్చిన నీళ్లు.

చెంబు కిందపడింది. అప్పుడు చూసింది అతని చెంప. ఎవరో వేళ్లతో తట్టినట్టు చర్మం లోపలికి నొక్కుకుంటోంది, లేస్తోంది. నొక్కుకున్నచోటల్లా తడి. తట్టేవాడికి కోపం లేదు. మెల్లగా, అడుగుతున్నట్టు... అంతే.

"ఎవరది?" గుసగుసగా అడిగింది.

హాతీరాంకు వంతు వచ్చింది. రెండు గుక్కల్లో పట్టినన్ని మాటలే చెప్పాడు.

"గాలి అయిపోయింది... నాది."

బుడబుడ... బుడబుడ.

"నీదా? అన్నను ఎతుకుతుంటెనా?"

"వాడు ఇచ్చిండు. వానిది."

బుడబుడ... బుడబుడ.

"రెండు నాకు... రెండు వానికి."

వాన హోరు ఎక్కడో దూరమైపోయింది. జమ్లి మంచం పట్టె పట్టుకుంది. తెలిసిపోయింది ఆమెకు. అయినా వాడి నోటితోనే వినాలి.

"తర్వాత?"

"భయమైంది... వెనక్కియ్యలే."

బుడబుడ... బుడబుడ.

"అడిగిండా?"

"చెంప మీద... తట్టిండు."

"గుంజుకోలేదా? నీకంటె బలమున్నోడు."

హాతీరాం కళ్లలోంచి నీళ్లు కారాయి. అవీ ఆ రంజన్ నీళ్ల వాసనే వేశాయి.

"గుంజుకోలే. తట్టుకుంటనే... పోయిండు."

మార్చి నుంచి నాలుగు నెలలు. ఆ చెంపకే ఆమె నూనె రాసింది. ఆ నోటికే ముద్ద కలిపి పెట్టింది. అన్న కర్మలు చేసేటప్పుడు అందరికంటే ముందు నడిచింది వీడే, అందరికంటే పెద్దగా ఏడ్చిందీ ఈ నోరే. జమ్లికి భయం పోయింది. భయం ఉండాల్సినచోట ఇంకేదో వచ్చి కూర్చుంది.

రంజన్‌లో చప్పుడు ఆగింది. చచ్చి కూడా మాట తప్పనివాడు, పెట్టిన లెక్క ప్రకారం వంతు బావకు తిప్పి ఇస్తున్నాడు. హాతీరాం నోరు తెరిచాడు.

"అన్నా" అంది జమ్లి, చీకటి మూలకు తిరిగి. "ఇయ్యకు."

ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు. వాన కూడా ఆగినట్టే.

బుడబుడ... బుడబుడ... బుడబుడ... బుడబుడ...

ఆగకుండా. ఎంతోసేపు. హాతీరాం చేయి గాలిలోకి లేచింది, ఆమె చెంప దాకా వచ్చింది. రెండుసార్లు తట్టింది. జమ్లి కదల్లేదు.

తెల్లారి గుండె ఆగిందన్నారు అందరూ. జమ్లి రంజన్ మోసుకుపోయి బండకేసి కొట్టింది. ఆ తర్వాత ఇంట్లో ఏ చప్పుడూ లేదు. అన్నకు దక్కాల్సింది దక్కిందనుకుంది. పంచుకోవడమంటే అవతల ఇంకొకరు ఉండాలన్న సంగతి మరిచింది.

కాన్పు భద్రాచలంలో, సర్కారు దవాఖానాలో అయింది. మగపిల్లవాడు. నర్సు ఫజిలత్ మాటకారి. బిడ్డను తుడిచి జమ్లి పక్కన పడుకోబెట్టి, కాసేపు వంగి చూసింది.

"నీ కొడుకు మస్తు పిసినారి ఉన్నడు జమ్లీ! రెండు గుక్కలు తీసుకుంటడు, ఆపుతడు. మల్ల రెండు. డాక్టర్ సాబ్ చూసిండులే, పర్వా లేదన్నడు."

జమ్లి బిడ్డ ఎదను చూసింది. రెండుసార్లు లేచింది. ఆగింది.

"నువ్వు గూడనా అన్నా... నా బిడ్డ దగ్గర్నా..." అంది, పెదవులు కదిలీ కదలకుండా.

"ఏందమ్మా?"

"ఏం లేదు."

ఫజిలత్ తల తిప్పి చెవి రిక్కించింది. "ఆ నల్లా ఎవరిడిసిన్రో, బుడబుడమంటుంది" అని గొణుక్కుంటూ మూలకు పోయింది. తిప్పి చూసింది. కట్టేసే ఉంది. చేతులు వాసన చూసుకుని ముఖం చిట్లించి, కొంగుకు తుడుచుకుంది. ఇక దాని ఊసెత్తకుండా వచ్చి, పెన్ను తీసి, ఉయ్యాలకు కట్టిన అట్టముక్క మీద పుట్టిన తేదీ రాసింది.

11-2-1992.