ఐదు జీబీలు ఎవరు తిన్నారు?

మధ్యాహ్నం గంట కొట్టగానే పిల్లలంతా టిఫిన్ డబ్బాలు పట్టుకుని బయటకు పరుగెత్తారు. పోలీసు మాత్రం కంప్యూటర్ గదిలోంచి కదల్లేదు. ప్రతిదాన్నీ అనుమానంగా చూస్తుందని ఆ అమ్మాయికి ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరది. బడిలోనూ అదే ఖాయమైంది.

ఇప్పుడు అనుమానం పెన్‌డ్రైవ్ మీద. దాని మీద అరవై నాలుగు జీబీ అని అచ్చేసి ఉంది. కంప్యూటర్ మాత్రం మొత్తం చోటు యాభై తొమ్మిదే అంటోంది.

నిన్నటిదాకా అది పిచ్చుక దగ్గర ఉంది. పిచ్చుక అంటే పోలీసుకి ప్రాణ స్నేహితురాలు. గింజంత మనిషి, నోరు మాత్రం ఆగదు. ఇద్దరూ కలిసి కాగితం బొమ్మలతో సినిమా తీస్తున్నారు. బొమ్మలన్నీ పోలీసువి, గొంతులన్నీ పిచ్చుకవి.

అందరూ క్లాసుకి తిరిగి రాగానే పోలీసు పిచ్చుకకి అడ్డంగా నిలబడింది.

"నా పెన్‌డ్రైవ్‌లో ఏం దాచావే?"

"ఏం దాస్తాను? మన సినిమానే ఉంది."

"మరి ఐదు జీబీలు ఏమయ్యాయి?"

పిచ్చుక మొహం ఎర్రబడింది. "నాకేం తెలుసు? నేనేం తియ్యలేదు" అంది గబగబా.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఇదే అనుకుంది పోలీసు. "తీసినవాళ్ళు కూడా అలాగే అంటారు" అంది.

వెనక ఎవరో "జీబీల దొంగ" అన్నారు. క్లాసంతా పకపకా నవ్వింది.

"నీ బొమ్మలకి నువ్వే గొంతులు ఇచ్చుకో" అని పిచ్చుక వెళ్ళి చివరి బెంచీలో కూర్చుంది. సాయంత్రం దాకా ఆ నోరు మళ్ళీ తెరుచుకోలేదు.

పోలీసు వాళ్ళ నాన్న ఫోటోగ్రాఫర్. ఇంటి ముందు గదే స్టూడియో. కూతురు చెప్పిందంతా విని, ఆయన సొరుగులోంచి కొత్త పెన్‌డ్రైవ్ తీశాడు. దాని కవరు ఇంకా చించనేలేదు. మీద అరవై నాలుగు. కంప్యూటర్‌కి పెడితే యాభై తొమ్మిది.

"దీన్ని కూడా మీ పిచ్చుకే తినేసిందా?"

పోలీసు రెండు పెన్‌డ్రైవ్‌లనూ పక్కపక్కన పెట్టి చూసింది. కానీ అనుమానం అంత తేలిగ్గా పోతుందా? "అయితే కంపెనీవాళ్ళే దొంగలు" అంది.

నాన్న నవ్వాడు. "ఈ బల్లని నీ మూరతో కొలువు."

పోలీసు మోచేయి ఆనించి, వేళ్ళు చాపి కొలిచింది. ఆరు మూరలు. నాన్న కొలిస్తే ఐదే వచ్చాయి.

"మధ్యలో బల్ల ముక్క నేను మింగానా?"

"నీ చెయ్యి పెద్దది కదా నాన్నా."

"ఇదీ అంతేనమ్మా. కంపెనీది చిన్న మూర. వెయ్యేసి చొప్పున లెక్క కడుతుంది. కంప్యూటర్‌ది కాస్త పెద్ద మూర. వెయ్యీ ఇరవై నాలుగేసి చొప్పున కడుతుంది. ఇద్దరూ జీబీ అనే అంటారు. చోటు ఎక్కడికీ పోలేదు, అంకె తగ్గిందంతే." కాస్త ఆగి అడిగాడు. "ఇంతకీ పిచ్చుకకి ఇచ్చేముందు ఎంతుందో చూశావా?"

చూడలేదు. పోలీసు చెవులు వేడెక్కాయి. పిచ్చుక ఇక తనతో మాట్లాడదేమోనని భయం వేసింది.

మర్నాడు చెవిలో సారీ చెప్పేద్దామనుకుంది. కానీ దొంగ అన్నది అందరి ముందూ కదా. అందుకని బెంచీ దగ్గర లేచి నిలబడింది.

"పెన్‌డ్రైవ్‌లో ఏమీ పోలేదు. లెక్క తెలియక పిచ్చుక మీద నింద వేశాను. తప్పు నాది."

కొందరు కిసుక్కుమన్నారు. అయినా పోలీసు చివరి బెంచీ దాకా వెళ్ళి పెన్‌డ్రైవ్ పిచ్చుక ముందు పెట్టింది.

"మిగతా గొంతులు నువ్వే ఇవ్వాలి."

"మళ్ళీ లెక్క చూస్తావుగా" అంది పిచ్చుక తల ఎత్తకుండా.

"చూడను."

పిచ్చుక పెన్‌డ్రైవ్ తీసుకుంది. నవ్వలేదు.

ఆ పెన్‌డ్రైవ్ తిరిగొచ్చిన సాయంత్రం పోలీసు కంప్యూటర్ ముందు కూర్చుంది. ఎంత చోటుందో చూద్దామని వేలు అలవాటుగా అటే పోబోయింది. ఆపుకుంది. నేరుగా సినిమా తెరిచింది.

కాగితం కుందేలు నోరు తెరిచి, పిచ్చుక గొంతుతో గలగలా మాట్లాడడం మొదలుపెట్టింది.