తుడిచేయాల్సిన ఊపిరి

మౌనికి ఊపిరి ఉండదు. ఆ సంగతి సీరియల్ చూసే చిన్నపిల్లలకు కూడా తెలుసు. వాడు మరమనిషి, పైగా కిరాయి హంతకుడు. వాడు దగ్గరికొస్తే గోడ మీది గడియారం చప్పుడు కూడా ఆగిపోతుంది. తెర మీద చప్పుడు ఆగిందంటే ఎవరికో మూడిందన్నమాట. చూసేవాళ్ళు దిండ్లు మొహానికి అడ్డం పెట్టుకుంటారు.

అయితే మౌని లోపల ఉన్న మనిషికి మాత్రం ఊపిరి ఉంది, అదీ మామూలుగా కాదు. సౌండ్ రికార్డు చేసే అమ్మాయికి వచ్చిన చిక్కల్లా అదే. ముప్ఫై కిలోల కవచం, తలకు నాలుగు స్క్రూలతో బిగించిన హెల్మెట్, అందులో చిన్న మైకు. మౌని ఎపిసోడ్ మొత్తానికి మాట్లాడేది నాలుగు మాటలు. ఆ నాలుగు మాటల మధ్యా కొలిమితిత్తిలా బుసబుసమని ఊపిరి. దాన్ని ముక్కముక్కగా తుడిచేయడమే ఆమె ఉద్యోగం.

మొదటిరోజే ఇద్దరికీ తగాదా వచ్చింది. ఆమె విసుగ్గా వెళ్ళి, ఊపిరి కాస్త తక్కువ పీల్చమని చెప్పింది.

"ఇంట్లో అడిగి చెప్తానండీ" అన్నాడు లోపల్నించి.

ఎవరూ నవ్వలేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నది ఆమె ఒక్కతే మరి. నవ్వు ఆపుకోవడానికి ఆమె పెదవి కొరుక్కోవాల్సి వచ్చింది. అప్పట్నించి అతనికి ఆమె చెవులమ్మగారు, ఆమెకు అతను డబ్బాగారు.

హెల్మెట్ వెనక అరచేతిలో పట్టేంత ఫ్యాన్ ఒకటి ఉండేది. లోపలికి గాలి వచ్చే దారి అదొక్కటే. దాని రొద చెవిలో జోరీగలా ఉందని ఆమె పట్టుబట్టి ఒక నియమం పెట్టించింది. టేకు మొదలయ్యే ముందు ఫ్యాన్ ఆపాలి, 'కట్' అనగానే వేయాలి. టేకులు అర నిమిషానివే కాబట్టి ఎవరూ కాదనలేదు. ఆ స్విచ్ నొక్కే పని కాస్ట్యూమ్స్ చూసే పెద్దాయనది. ఆయన ఆమెకు స్వయానా మేనమామ. నాన్న పోయాక అమ్మకూ ఆమెకూ పెద్దదిక్కు ఆయనే.

రెండో ఏడాది ఒక టేకులో ఆమెకు అతని ఊపిరి తేడాగా వినిపించింది. బరువు మోసి వచ్చిన ఆయాసం కాదది. భయం. టీ దగ్గర నిలదీస్తే ముందు బుకాయించాడు, తరువాత ఒప్పుకున్నాడు. చిన్నప్పుడు దాగుడుమూతల్లో పెట్టెలో దూరి ఇరుక్కుపోయాడట. ఇప్పటికీ నాలుగో స్క్రూ బిగుస్తుంటే పై ప్రాణాలు పైనే పోతాయట.

"ఎవరికీ చెప్పకండి. నాకు ముందు చేసినతను భయమేస్తోందన్నాడని మర్నాడే మార్చేశారు" అన్నాడు.

"అంత భయముంటే ఈ పని ఎందుకు చేస్తున్నారు?"

"మొదట్లో వేరే పని దొరక్క."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు లోపల ఏం మాట్లాడినా వినేవాళ్ళు ఒకరున్నారు కదండీ."

టీ చల్లారిపోతోందని చెప్పి ఆమె మొహం తిప్పుకుంది. ఆ టీ పొగలు కక్కుతూనే ఉంది.

మాట ఇచ్చింది గనక ఎవరికీ చెప్పలేదు. బదులుగా ఒక ఉపాయం కనిపెట్టింది. హెల్మెట్‌కు అద్దాలు బిగించిన రెండు సన్నని కంటి చీలికలకు ఎదురుగా నిలబడి అరచెయ్యి తెరిచేది, మూసేది. తెరిస్తే నాలుగు లెక్కపెడుతూ పీల్చాలి, మూస్తే నాలుగు లెక్కపెడుతూ వదలాలి. యూనిట్‌లో అందరూ ఆ అమ్మాయికి చెయ్యి తిమ్మిరెక్కే జబ్బేదో ఉందనుకున్నారు.

మూడో ఏడాది ఒక రోజు మధ్యాహ్నం వాన మొదలైంది. షూటింగ్ జరిగే షెడ్డుకు రేకుల కప్పు. ఆ మోతలో సౌండ్ ఎలాగూ పనికిరాదు, తరువాత అతికించుకుందామన్నాడు డైరెక్టర్. ఆమెను వెళ్ళి టీ తాగమన్నాడు.

సీను చూస్తే ఆమెకు వెళ్ళబుద్ధి కాలేదు. శత్రువులు మౌనిని పట్టుకుని, మీట ఆపేసి, నిలువెత్తు గాజు బీరువాలో పెడతారు. చేతులకు ఇనప పట్టీలు. బీరువా నిండా తెల్లటి పొగ. కెమెరా అయిదు నిమిషాల పాటు దాని చుట్టూ తిరుగుతుంది. మౌని వేలు కూడా కదపకూడదు.

ఆమె ఎప్పటి చోటే నిలబడి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. అలవాటు కొద్దీ మెషిన్ కూడా ఆన్ చేసింది.

"చెవులమ్మగారూ, ఉన్నారా?"

ఆమె అరచెయ్యి ఎత్తి చూపింది.

"ఇవాళ సౌండ్ లేదట కదా. ఏమన్నా రికార్డవదు. ఈ షాట్ అవగానే మీకొక మాట చెప్పాలి. నిజానికి ఇప్పుడే చెప్పొచ్చు, కానీ పారిపోదామంటే నా చేతులకు పట్టీలున్నాయి."

ఆమె నవ్వుతూ చెయ్యి మూసింది. తెరిచింది. బీరువా తలుపు పడింది, పొగ లేచింది. కాసేపట్లో అరచేతికీ అతని కళ్ళకూ మధ్య తెల్లటి గోడ వచ్చి నిలబడింది.

కానీ చెవిలో అతని గొంతు స్పష్టంగా వినిపించింది. తనంతట తనే లెక్కపెట్టుకుంటున్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. వదిలాడు. మళ్ళీ ఒకటి. ఎంత శుభ్రంగా వినిపిస్తోందో, చిన్న రొద కూడా లేదు. ఇలాంటి రికార్డింగ్ రోజూ వస్తే ఎంత బావుండుననుకుంది. అలా అనుకున్నందుకు తరువాత చాలా రోజులు ఆమె తనను తాను క్షమించుకోలేదు.

రెండు నిమిషాలు గడిచాయి. అప్పుడు తట్టింది. ఇవాళ సౌండ్ లేదు కదా. సౌండ్ లేనప్పుడు ఫ్యాన్ ఆపాల్సిన పనేముంది? మరి రొద ఎందుకు వినపడటం లేదు?

మామయ్య వైపు చూసింది. ఆయన పక్కనున్న వాళ్ళతో కలిసి మానిటర్ చూస్తున్నాడు. రోజూ టేకుకు ముందు నొక్కినట్టే ఇవాళా చెయ్యి దానంతట అదే వెళ్ళి స్విచ్ నొక్కేసి ఉంటుంది. ఆ అలవాటు చేసింది ఎవరు? తనే.

"ఒకటి... రెండు..." గొంతు తడబడింది. "చెవులమ్మా." గారు లేదు. "కనపడటం లేదు నువ్వు."

షాట్ మధ్యలో దూరితే అతని భయం సంగతి అందరికీ తెలుస్తుంది, రేపు ఆ కవచంలో ఇంకొకడుంటాడు. మాట ఇచ్చింది కదా. ఇంకొక్క నిమిషమేనేమో.

"ఒకటి... రెండు... మూడు..."

నాలుగు రాలేదు.

ఆమె ఎదురుచూసింది. రేకుల మీద వాన తప్ప ఏమీ లేదు. మూడేళ్ళలో మొదటిసారి తుడవడానికి ఏమీ లేదు. డైరెక్టర్ మానిటర్ చూస్తూ, నిశ్చలంగా నిలబడటమంటే అదీ అని పక్కవాళ్ళతో మెచ్చుకోలుగా అంటున్నాడు.

ఆమె పరుగెత్తింది. హెడ్‌ఫోన్ తీగ లాగడంతో మెషిన్ బల్ల మీంచి కింద పడింది. కెమెరాకు అడ్డం పడి బీరువా తలుపు లాగింది. ఎవరో అరిచారు, ఆమెకు వినపడలేదు. మామయ్యను మాత్రం పిలిచింది.

"మామయ్యా, ఫ్యాన్ ఆపేశావు."

అంతే, ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. పట్టీలు విప్పి, మనిషిని కింద పడుకోబెట్టి, స్క్రూడ్రైవర్ తీశాడు. చెయ్యి వణికి స్క్రూ మీద నిలవలేదు. ఆమె లాక్కుంది. ఒకటి ఊడింది. రెండు. మూడు. నాలుగోది మొరాయించింది. ఏడుస్తూనే తిప్పింది.

లోపల మొహం పాలిపోయి ఉంది. పెదవులు నీలంగా ఉన్నాయి. ఆమె చెంప మీద కొట్టింది, పిలిచింది, మళ్ళీ కొట్టింది.

అప్పుడు వచ్చింది ఊపిరి. గరగరమంటూ, దగ్గుతో, దేనికీ పనికిరాని ఊపిరి. మైకు లేకుండా ఆమె దాన్ని వినడం అదే మొదటిసారి.

"నాలుగు" అంది ఆమె.

అతను కళ్ళు తెరిచాడు. "షాట్ అయిందా?"

"అయింది. ఏదో చెప్తానన్నావు."

"నువ్వు కొట్టిన దెబ్బకు సగం మరిచిపోయాను." దగ్గాడు. "పెళ్ళి చేసుకుందామా అనే సగం మాత్రం గుర్తుంది."

ఆమె వెక్కి వెక్కి ఏడుస్తూ, కవచం మీద తల ఆనించి, అవునన్నట్టు ఊపింది.

డాక్టర్ వచ్చి చూసి, ప్రాణానికి ఫర్వాలేదన్నాడు. ఆమె రికార్డింగ్ విన్న డైరెక్టర్, తప్పు అతని భయానిది కాదని తెలిసి అతన్ని మార్చలేదు. ఫ్యాన్ ఆపే నియమాన్నే తీసేశాడు. మామయ్య మాత్రం రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. తప్పు నాది అని ఆయన, కాదు నాది అని ఆమె. మూడోరోజు ఆయన ఇద్దరినీ కూర్చోబెట్టి స్క్రూడ్రైవర్ ఆమె చేతిలో పెట్టాడు.

"మీ అమ్మతో మాట్లాడాను. ఆవిడ సరేనంది. ఇక వీణ్ణి బిగించినా, విప్పినా నువ్వే. నా చేతుల మీద నాకు నమ్మకం పోయిందే తల్లీ."

వారం తరువాత మళ్ళీ షూటింగ్. మూడు స్క్రూలు బిగించాక నాలుగో దాని దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. ఫ్యాన్ రొద వినిపిస్తోంది. అయినా మనసు ఒప్పలేదు.

"ఊపిరి ఆపావంటే చంపేస్తాను" అంది.

"ఇందులో హంతకుడు నేనా, నువ్వా?"

బిగించి, తన చోటికెళ్ళి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అరచెయ్యి తెరిచింది. ఫ్యాన్ రొద, దాని వెనక బుసబుసమని అతను. టేకు మొత్తం పాడైంది. ఆమె చెయ్యి మూసి, మళ్ళీ తెరిచి, నాలుగు దాకా లెక్కపెట్టింది.