మూత కింది రబ్బరు

ఆ ఇంట్లో కోడలూ మామగారూ ఒకరితో ఒకరు మరీ మర్యాదగా ఉంటారు. బయటివాళ్ళు చూసి ముచ్చటపడతారు గానీ, లోపల ఒక్క పూట కూర్చుంటే ఊపిరాడదు.

"టీ వేడిగా ఉందా మామయ్యా?"

"బాగుందమ్మా. నువ్వు తాగావా?"

"తాగానండీ."

అంతే. రెండేళ్ళుగా పొద్దున పూట ఇవే మూడు ముక్కలు. అంతకుముందు ఇలా ఉండేదా! టీలో చక్కెర తగ్గిందని ఆయన, గ్రీజు చేతులతో తలుపు ముట్టుకున్నారని ఈమె, ఇల్లెగిరిపోయేలా వాదించుకునేవాళ్ళు. "మీ ఇద్దరి మధ్యా నలిగి చచ్చేది నేను" అని నవ్వేవాడు ఆయన కొడుకు, అంటే ఆమె భర్త. ఇప్పుడా మాట గుర్తొస్తే ఇద్దరికీ గుండె చివుక్కుమంటుంది.

సామాన్లు చేరవేసే పాత వ్యాను ఆ కొడుకుది. రెండేళ్ళ కిందట ఒకరోజు మధ్యాహ్నం ఏటవాలు రోడ్డు మీద బ్రేకులు పడలేదు. వ్యాను గోడకు రాసుకుంటూ వెళ్ళి ఆగింది, తలుపు ఊడి అతను రోడ్డు మీద పడి ప్రాణం వదిలాడు. విచారణకు వచ్చినవాళ్ళు 'పాత బండి, బ్రేకులు పనిచేయలేదు' అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకున్నారు. వ్యానును తెచ్చి ఇంటి వెనక రేకుల షెడ్డులో పడేశారు.

అప్పటినుంచీ కోడలు పెరటి వైపు వెళ్ళదు. బట్టలు కూడా ముందు వరండాలోనే ఆరేస్తుంది. అయినా నాలుగు కొట్టేసరికి, భర్త ఇంటికొచ్చే వేళకి, వ్యాను తలుపు ధన్‌మని వేసిన చప్పుడు ఆమెకు వినిపిస్తూనే ఉంటుంది. చేతిలో గరిట ఆగిపోతుంది. చెప్పులు విడిచే చప్పుడు కూడా వస్తుందేమోనని చెవులు రిక్కించి నిలబడుతుంది. అది మాత్రం రాదు.

పెద్దాయన సంగతీ అంతే. నలభై ఏళ్ళు మెకానిక్కుగా బతికిన మనిషి, మళ్ళీ పనిముట్టు ముట్టుకోలేదు. పెరటి మెట్ల మీద కూర్చుని వ్యాను మీద కప్పిన పట్టా వైపే చూస్తుంటాడు. గాలికి పట్టా కదిలితే లోపల ఎవరో ఒత్తిగిల్లినట్టుంటుంది.

ఆ రోజు పొద్దున మూడు ముక్కలూ అయ్యాక మనవరాలు వచ్చింది. నడక వచ్చినప్పటినుంచీ చేతిలో స్పానరే కాబట్టి తాత ఆమెకు ఆ పేరే పెట్టాడు. ఇప్పుడు బండ్లు బాగుచేసే వర్క్‌షాపులో బ్రేకుల పనిలో చేరి ఆరు నెలలైంది.

"తాతా, వ్యాను తీసుకెళ్ళడానికి పాత ఇనుము కొనేవాడు ఎన్నింటికొస్తాడు?"

"పన్నెండుకి."

"అయితే ఇంకా నాలుగు గంటల టైముంది. నేను పట్టా తీస్తున్నా."

కోడలు గ్లాసు కింద పెట్టేసింది. "ఎందుకే? పోయేదేదో పోనీ."

"మా నాన్న ఎందుకు పోయాడో తెలియకుండా దాన్ని ముక్కలు చేయనివ్వను. రోజూ పదిమంది బ్రేకులు విప్పి చూస్తున్నాను, మా ఇంట్లో బండి మాత్రం చూడకూడదా?"

"వద్దన్నానా, స్పానరూ!" పెద్దాయన కసిరాడు. "చూస్తే వాడు తిరిగొస్తాడా?"

"రాడు. కానీ మీరిద్దరూ ఎందుకిలా దయ్యాల్లా తిరుగుతున్నారో తెలుస్తుందేమో!"

ఆ పిల్ల చెప్పులేసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆపే దమ్ము ఇద్దరిలో ఎవరికీ లేదు.

పెద్దాయన భయం ఆయనది. ప్రమాదానికి ముందు శనివారం ఆ బ్రేకులు బాగుచేసింది ఆయనే. బ్రేకాయిల్ గొట్టాల్లో చేరిన గాలి తీయడానికి ప్రతి చక్రం వెనకా నిపిల్ అని చిన్న మర ఉంటుంది. గాలి పోయాక దాన్ని బిగించాలి, లేకపోతే ఆయిల్ కారిపోయి బ్రేకు పడదు. చివరిది, వెనక చక్రానిది, బిగిస్తుండగా ఎవరో పిలిచారు. లేచి వెళ్ళాడు. తిరిగొచ్చి బిగించాడా, లేదా? రెండేళ్ళుగా ఆ ఒక్క ప్రశ్న ఆయన్ని పీక్కుతింటోంది.

ఆయన కాళ్ళీడ్చుకుంటూ షెడ్డుకు వచ్చేసరికి మనవరాలు వ్యాను కింద ఉంది. మూడు చక్రాలు చూసేసింది.

"వెనక కుడిది చూశావా?" అన్నాడు.

"అదే చూస్తున్నా... అబ్బో, దీన్ని బిగించిందెవరు, నువ్వేనా? స్పానరుకి కూడా కదలట్లేదు. పైన దుమ్ము పడకుండా రబ్బరు టోపీ కూడా పెట్టావు. చుక్క కారలేదు తాతా."

పెద్దాయన అక్కడే నేల మీద కూలబడ్డాడు. రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. మనవరాలు బయటికి పాకి వచ్చి, ఏమైందోనని భుజం పట్టి కుదిపింది.

"బిగించానా? నేను బిగించానా తల్లీ?"

"బిగించావని చెప్తున్నాగా! ఇన్నాళ్ళూ నువ్వు... అయ్యో తాతా!"

కాసేపటికి ఆయన తేరుకున్నాడు. తేరుకోగానే లోపలి మెకానిక్కు లేచాడు. మరలు బిగిసే ఉంటే బ్రేకులెందుకు పోయాయి? "బ్రేకాయిల్ డబ్బా మూత తియ్యి" అన్నాడు.

మనవరాలు తీసింది. మూత కింది రబ్బరు ఉబ్బిపోయి, ముడతలు పడి వేలాడుతోంది.

"దాన్ని మళ్ళీ లోపల సర్దు, చూద్దాం."

ఎంత నొక్కినా పట్టలేదు. డబ్బా నోటికన్నా రబ్బరే పెద్దదైపోయింది. పెద్దాయన అడుగున మిగిలిన నూనెలో వేలు ముంచి, రుద్ది, వాసన చూశాడు. ముఖం మారిపోయింది. "కోడలా! గాజు గ్లాసులో నీళ్ళు తీసుకురా!" అని కేకేశాడు.

రెండేళ్ళ తర్వాత మొదటిసారి కోడలు పెరట్లో అడుగుపెట్టింది. ఆయన రెండు చుక్కలు నీళ్ళలో వేశాడు.

"బ్రేకాయిలైతే నీళ్ళలో కలిసిపోవాలి. ఇది తేలుతోంది చూడండి. ఎవరో ఇందులో వేరే నూనె పోశారు. ఈ నూనె తగిలితే లోపలి రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి. కాలు తీసినా బ్రేకు వదలదు. పట్టుకుని పట్టుకుని చక్రం కాలిపోతుంది, ఆయిల్ మరుగుతుంది. ఇక ఎంత తొక్కినా పెడల్ నేలకి దిగిపోతుంది." ఆయన గొంతు షెడ్డు రేకులు అదిరేలా లేచింది. "ఎవడు పోశాడు? నా కొడుకుని చంపిన ఆ దరిద్రుడెవడు?"

"నేనే మామయ్యా."

కోడలు గ్లాసును నేల మీద పెట్టి, దాని పక్కనే కూర్చుండిపోయింది.

"ఆ రోజు పొద్దున బ్రేకుల ఎర్ర లైటు వెలుగుతోందన్నారాయన. సామాను కట్టుకుంటూ, 'కాస్త బ్రేకాయిల్ పొయ్యి' అన్నారు. మెట్ల కింది అరలో సీసా తెచ్చి పోశాను. దాని మీద బ్రేకాయిలనే ఉంది మామయ్యా, నా కళ్ళతో చదివాను! ఎక్కువ పోశానో, తక్కువ పోశానో, నేను ముట్టుకోబట్టే ఇలా అయిందో అని కుమిలిపోతూనే ఉన్నాను. మీకు తెలుసనుకున్నాను. తెలిసీ, పిల్ల ముందు నన్ను బయటపెట్టలేక మర్యాదగా ఉంటున్నారనుకున్నాను. 'నువ్వు తాగావా అమ్మా' అని మీరు అడిగిన ప్రతిసారీ నన్ను చెంపదెబ్బ కొట్టినట్టుండేది."

"ఏ అర?" అన్నాడు పెద్దాయన.

"కిందనుంచి రెండోది."

"అందులో ఉన్నది బండిని పైకి లేపే జాకీలో పోసే నూనె." ఆయన కళ్ళు గ్లాసు మీదే ఉన్నాయి. "ఖాళీ సీసా పారేయడం నా ఒంట్లో లేదుగా! దాన్ని బ్రేకాయిల్ సీసాలో పోసిపెట్టింది నేనే. పైన సుద్దముక్కతో 'జాకీ' అని రాశాను. చెయ్యి తగిలితే చెరిగిపోయే సుద్దతో రాశాను. నువ్వు చదివిందే పోశావు తల్లీ. నీ తప్పేముంది? బ్రేకులు బాగుచేసింది నేనేనని తెలిసీ నువ్వు పల్లెత్తు మాట అనకపోతే, నన్ను క్షమించేసి అన్నం పెడుతున్నావనుకున్నాను. ముద్ద దిగేది కాదు."

"అయిందా?" మనవరాలు అరిచింది. మసి చేతులతోనే కళ్ళు తుడుచుకోవడంతో ముఖమంతా నల్లబడింది. "ఒక్క రోజు, ఒక్క ముక్క నోరు విప్పి అడిగి ఉంటే సరిపోయేది. నాకు నాన్న ఒక్కడే పోలేదు తెలుసా? ఆ రోజునుంచీ మీరిద్దరూ కూడా లేరు. ఈ ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నా!"

కోడలు లేచి కూతుర్ని గట్టిగా హత్తుకుంది. పెద్దాయన చెయ్యి చాచి, ముందు వెనకాడి, తర్వాత కోడలి తల మీద పెట్టాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని, "మామయ్యా, మనమిద్దరం కలిసే చేశామా ఇది?" అని బావురుమంది. ఆయన కాదనలేదు. అవునని తలూపి, ఆమెతో పాటు ఏడ్చాడు.

పన్నెండుకి పాత ఇనుమువాడు వచ్చాడు. బండి అమ్మడం లేదనేసరికి విసుక్కున్నాడు. "రమ్మన్నది మీరే కదండీ!"

"రమ్మన్న మనిషి ఇప్పుడు ఇంట్లో లేడులే నాయనా" అని పెద్దాయన గేటు వేసేశాడు.

వ్యాను బాగుచేయడానికి ఎనిమిది రోజులు పట్టింది. ఆ నూనె తగిలిన రబ్బరు ఒక్కటి కూడా ఉంచకూడదన్నాడు పెద్దాయన. గొట్టాలు కడిగారు, సిలిండర్లు మార్చారు, అరల్లోని సీసాలన్నీ వెతికి పారేశారు. చివరి రోజు గాలి తీయాలి. మనవరాలు డబ్బాలో ఆయిల్ తగ్గకుండా పోస్తూ ఉండాలి, తాత చక్రం దగ్గర ఉండాలి. పెడల్ తొక్కడానికి మనిషి కావాలి. ఎవరూ పిలవకుండానే కోడలు వచ్చి డ్రైవరు సీట్లో కూర్చుంది.

సీటు ఇంకా భర్త కాళ్ళ పొడవుకే ఉంది. ఆమె పాదం అందలేదు. సీటు ముందుకు జరుపుకోమంది కూతురు. ఆమె జరపలేదు. అంచుకొచ్చి కూర్చుని కాలు చాపింది.

"నొక్కమ్మా... అలాగే పట్టుకో... వదులు" అని కింద నుంచి మామగారి గొంతు. మొదట కాలు మెత్తగా దిగిపోయింది. ఆ రోజు భర్త కాలికి ఇలాగే తగిలి ఉంటుందని అనిపించి, ఆమెకు ఒళ్ళంతా చెమట పట్టింది. కాలు మాత్రం తీయలేదు. నొక్కింది, వదిలింది. ఒక్కో చక్రం అయ్యేకొద్దీ పెడల్ గట్టిపడుతూ వచ్చింది.

"అయిపోయింది. ఇక పరీక్ష" అన్నాడు పెద్దాయన. జాకీ మీద లేపిన చక్రాన్ని మనవరాలు రెండు చేతులతో గిర్రున తిప్పింది. "ఇప్పుడు తొక్కమ్మా!"

ఆమె తొక్కింది. చక్రం టక్కున ఆగింది.

"ఆగిందా?" అని అడిగింది లోపలి నుంచి.

"ఆగిందమ్మా."

"మళ్ళీ తిప్పు."

తిప్పింది. ఆగింది. "మళ్ళీ" అంది ఆమె. ఏడుపుతో ఆ మాట సరిగ్గా రాలేదు. కూతురు మళ్ళీ తిప్పింది. తర్వాత పెద్దాయన కూడా వచ్చి ఓ చెయ్యి వేశాడు. ఎన్నిసార్లు తిప్పారో వాళ్ళకే తెలియదు. తిప్పిన ప్రతిసారీ ఆమె దాన్ని ఆపింది. ఇక చాలని ఇద్దరిలో ఎవరూ అనలేదు.